చివరి పేజీలు లేని పుస్తకం

పదవీ విరమణానంతరం మనిషికి లభించే తీరిక వరమో పరీక్షో చెప్పడం కష్టం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ 'కాస్త వెసులుబాటు దొరికితే ఎన్ని పుస్తకాలైనా చదివేయవచ్చును' అని అనుకోనివారు ఉండరు. తీరా ఆ వెసులుబాటు వచ్చేసరికి కళ్లు సహకరించవు, ఎక్కువసేపు కూర్చుంటే నడుము ఒప్పుకోదు. అయినప్పటికీ గత కొన్ని సంవత్సరాలుగా మేము విరివిగానే చదువుతున్నాము. ఆ చదువుతున్నవి ఉపనిషత్తులనీ, మహనీయుల ఆత్మకథలనీ పాఠకమిత్రులు భావిస్తే మాకు గౌరవమే గాని అది నిజం కాదు. హత్యలు, అదృశ్యాలు, మాయామందిరాలు, భూతప్రేతాలు - ప్రస్తుతం ఇవే మా నిత్యపారాయణ గ్రంథాలు.

'మేము' అనడంలో గౌరవార్థ బహువచనం ఏమీ లేదు. దంపతులమిద్దరమూ అనే అర్థం. ఒకరికి కంటి శుక్లాల శస్త్రచికిత్స అయినది. రెండవవారికి చిన్న అక్షరాలు ఆనవు. అందుచేత రాత్రి భోజనాలైన తరువాత ఒకరు చదవడం, ఒకరు వినడం, గంట గడిచాక వంతులు మార్చుకోవడం మా ఇంటి ఆనవాయితీ అయినది. ఈ వ్యాసం కూడా ఆ విధంగానే ఒకరు చెబుతుండగా ఒకరు వ్రాసినది. ఏ వాక్యం ఎవరిదో ఇప్పుడు మాకే జ్ఞాపకం లేదు.

మన సంస్థ ఢిల్లీ కార్యాలయానికి బదిలీపై 1993లో వచ్చి, మరుసటి సంవత్సరం వసంత్ కుంజ్‌లోని డి.డి.ఏ. ఫ్లాటులో స్థిరపడ్డాము. అప్పట్లో ఇది ఊరికి కొస. నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలతో పరుగెత్తేవాళ్లము. కాలనీ దాటితే అరావళీ పర్వతశ్రేణికి చెందిన రాళ్లూ, ముళ్లతుప్పలూ, నెమళ్లూ కనిపించేవి. నేడు అదే చోట పెద్దపెద్ద మాల్స్ వెలిశాయి, నెల్సన్ మండేలా మార్గ్ మీద వాహనాల రద్దీ అర్ధరాత్రికిగాని తగ్గదు. మేము మాత్రం అదే ఫ్లాటులో ఉన్నాము.

రెండేళ్ల క్రితం సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి తిరిగి బెంగుళూరు వెళుతూ నాలుగు ఇంగ్లీషు నవలలు వదిలివెళ్లాడు. 'నిద్ర పట్టకపోతే చదవండి. చదివితే మాత్రం నిద్ర పట్టదు' అని హెచ్చరించాడు. అలా మొదలైన అలవాటులో కాలక్షేపంతోపాటు కొంత ప్రాయశ్చిత్తం కూడా కలదు. ఆ సంగతి చెప్పడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. అయితే ముందుగా ఆ నవలల గురించి నాలుగు మాటలు చెప్పుకొనడం భావ్యం. కథలోని రహస్యాన్ని బయటపెట్టడం చదవబోయేవారికి ద్రోహం చేయడమే కాబట్టి, ఆ మర్యాదను పాటిస్తూనే వ్రాస్తున్నాము.

మొదట చదివినది రిచర్డ్ ఆస్మన్ అనే ఆంగ్ల రచయిత 2020లో ప్రచురించిన 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్'. ఇంగ్లండులో వృద్ధులు నివసించే ఒక కాలనీ. అందులో నలుగురు విశ్రాంత జీవులు ప్రతి గురువారం ఒక గదిలో సమావేశమై పోలీసులు తేల్చలేకపోయిన పాత హత్యల కాగితాలు తిరగేస్తుంటారు. ఒకామె నర్సు, ఒకాయన మనస్తత్వ వైద్యుడు, ఒకామె గూఢచారి శాఖలో ఏవో పనులు చేసి వచ్చినది, నాలుగవ ఆయన కార్మిక సంఘ నాయకుడు. ఈ నాలుగవ ఆయనను చూసినప్పుడల్లా మన సంస్థలో వేతన సవరణ చర్చల నాడు గేటు వద్ద ఉపన్యసించిన పెద్దలు గుర్తుకు వచ్చి నవ్వుకున్నాము. హాస్యం మాటున ఆ నవలలో మరొకటి ఉన్నది. వృద్ధాప్యంలో మనిషిని బాధించేది కీళ్లనొప్పి కాదు, తన తెలివితో ఇంకెవరికీ పనిలేదనే భావన. ఆ నలుగురికీ హత్య ఒక నెపం. తాము ఇంకా పనికి వస్తామని తమకు తాము నిరూపించుకోవడమే అసలు పరిశోధన.

రెండవది జపాన్ రచయిత కీగో హిగాషినో నవల 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. జపనీస్‌లో 2005లోను, ఇంగ్లీషులో 2011లోను వెలువడినది. ఇందులో హంతకులెవరో మొదటి అధ్యాయాల్లోనే తెలిసిపోతుంది. ఇక చదవడానికేముంది అనిపించవచ్చును. కాని ప్రక్కవాటాలో నివసించే లెక్కల మాస్టారు, ఆ నేరాన్ని కప్పిపుచ్చడానికి గణిత సమస్యను పరిష్కరించినట్లుగా ఒక్కొక్క మెట్టు కడుతూ పోతాడు. ఆయన రోజూ మధ్యాహ్నపు భోజనం పొట్లం కొనే దుకాణంలోనే ఆ పొరుగింటామె పని చేస్తుంది. ఆయనకు ఆమెతో ఉన్న పరిచయం అంతే. గోడకు ఇవతలా అవతలా ఏళ్ల తరబడి జీవిస్తూ ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడం మా ఫ్లాట్లలోనూ కలదు. ముప్పై ఏళ్లుగా మెట్ల మీద నమస్కారం పెట్టుకుంటున్న పెద్దమనిషి పూర్తి పేరేమిటో ఆ నవల చదివిన మరునాడు అడిగి తెలుసుకున్నాము. ఆయన కొంచెం కంగారుపడ్డారు.

మూడవది సుసాన్నా క్లార్క్ వ్రాసిన 'పిరనేసి' (2020). ఇది అద్భుత కథ. అంతులేని మందిరాలు, వాటినిండా శిల్పాలు, క్రింది అంతస్తులలో సముద్రపు ఆటుపోట్లు. అందులో ఒంటరిగా తిరిగే ఒక మనిషి. తాను ఎవరో అతనికి సరిగా జ్ఞాపకం లేదు. అయినా దుఃఖం లేదు. తన దినచర్యను నోటు పుస్తకాలలో శ్రద్ధగా వ్రాసుకుంటాడు. ఆ వ్రాత వల్లనే చివరకు తన గతాన్ని తాను తెలుసుకోవలసి వస్తుంది. ఈ రచయిత్రి అంతకుముందు 2004లో పెద్ద నవల ఒకటి ప్రకటించి, అటుపై దీర్ఘకాలం అనారోగ్యంతో గడిపారు. ఇల్లు కదలలేని స్థితిలో ఇల్లే ప్రపంచమైన మనిషి కథ వ్రాయడం కాకతాళీయం కాదని మాకు తోచినది. ఈ పుస్తకానికి 2021లో విమెన్స్ ప్రైజ్ లభించినది.

నాలుగవది మమ్ములను అన్నిటికన్న ఎక్కువగా కదిలించినది. దీపా అనప్పర అనే కేరళ రచయిత్రి, పూర్వం పాత్రికేయురాలు, 2020లో వెలువరించిన 'జిన్ పెట్రోల్ ఆన్ ది పర్పుల్ లైన్'. ఢిల్లీని పోలిన మహానగరంలో ఒక మురికివాడ. అక్కడి పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. పోలీసులు పట్టించుకోరు. టి.వి.లో నేరపరిశోధన కార్యక్రమాలు చూసి తానూ డిటెక్టివునని నమ్మే తొమ్మిదేళ్ల జై, తెలివైన పరీ, ఇదంతా జిన్నుల పనేనని వాదించే ఫైజ్ - ఈ ముగ్గురూ పరిశోధనకు దిగుతారు. మొదట నవ్వు వస్తుంది. పోనుపోను నవ్వు గొంతులో నిలిచిపోతుంది. ఈ నవలకు 2021లో అమెరికాలోని మిస్టరీ రచయితల సంఘం ఇచ్చే ఎడ్గర్ పురస్కారం లభించినది. పెద్ద మేడలకూ మురికివాడకూ మధ్య ఆ నవలలో ఉన్న దూరమే వసంత్ కుంజ్ మాల్స్‌కూ రంగపురి పహాడీ గుడిసెలకూ మధ్య కూడా ఉన్నది. మా ఇంట్లో పని చేసే అమ్మాయి ఒకరోజు ఆలస్యంగా వచ్చి, బస్తీలో ఎవరి పిల్లవాడో సాయంత్రం దాకా కనిపించలేదని, చివరకు బస్సులో నిద్రపోయి దొరికాడని చెప్పినప్పుడు, ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాము. అంతకుముందయితే ఆలస్యానికి కారణం మాత్రమే విని ఉండేవారము.

జిన్నుల ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లా శిథిలాలలో గురువారం నాడు జిన్నులకు అర్జీలు వ్రాసి గోడలకు అంటించే వారిని నేటికీ చూడవచ్చును. మా వసంత్ కుంజ్‌లో అటువంటిదే మరొక స్థలం సుల్తాన్ ఘారీ. ఇల్తుత్‌మిష్ సుల్తాను మరణించిన తన కుమారుని కోసం 1231లో కట్టించిన సమాధి అది. పైకి చిన్న కోటలా ఉంటుంది. సమాధి మాత్రం భూగర్భంలో, ఎనిమిది కోణాల చీకటి గదిలో, మెట్లు దిగి వెళితేగాని కనిపించదు. చుట్టుప్రక్కల గ్రామాల హిందువులూ ముస్లిములూ కూడా గురువారం వచ్చి దీపాలు వెలిగిస్తారు. మాకు ఆ స్థలాన్ని చూపించినది గైడు పుస్తకం కాదు, మా అమ్మ.

అమ్మ అంటే మాలో ఒకరికి కన్నతల్లి, మరొకరికి అత్తగారు. కాలక్రమంలో ఆ తేడా చెరిగిపోయినది. నాన్నగారు పోయిన తరువాత 1995లో తెనాలి ఇల్లు ఖాళీ చేసి మా వద్దకు వచ్చింది. వెంట రెండు ట్రంకు పెట్టెలు తెచ్చుకున్నది. చీరలు చిన్న సంచీలో ఉన్నాయి. పెట్టెల నిండా పుస్తకాలే.

ఆమె చదివినది అయిదవ తరగతి. పదిహేనవ యేట కాపురానికి వచ్చింది. ఆ రోజులలో మన ఊళ్లలో అద్దె పుస్తకాల దుకాణాలు ఉండేవి. రోజుకు పది పైసలు. ఇంటి పెద్దలు నవలలను, అందునా డిటెక్టివ్ నవలలను, తలుపు అవతలే ఉంచేవారు. ఆమె వాటిని బియ్యపు డబ్బాలో దాచి, మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక చదివేదట. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఆమెకు బంధువుల క్రింద లెక్క. ఏ ఇంట్లోనైనా వస్తువు పోతే 'యుగంధర్ అయితే ముందు కిటికీ చూసేవాడు' అనేది. తరువాతి కాలంలో మధుబాబుగారి షాడో, యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' చదివింది. తులసిదళం చదివిన నెలరోజులు పెరట్లోకి ఒంటరిగా వెళ్లలేదని తానే చెప్పి నవ్వేది.

మేమిద్దరమూ పట్టభద్రులము. శ్రీశ్రీనీ, చలాన్నీ, బుచ్చిబాబునీ చదివినవాళ్లము. డిటెక్టివ్ నవలలంటే రైలు ప్రయాణంలో కొని, దిగేటప్పుడు సీటు మీద వదిలేసేవని మా అభిప్రాయం. మన సాహిత్య చరిత్రను సరిగా చదివి ఉంటే ఆ అభిప్రాయం ఏర్పడేది కాదు. దేవరాజు వేంకటకృష్ణారావుగారు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాల్లోనే 'వాడే వీడు' అనే అపరాధ పరిశోధక నవల వ్రాశారు. 'త్వమేవాహం' వంటి కావ్యం వ్రాసిన ఆరుద్రగారు 'పలకల వెండిగ్లాసు' అనే డిటెక్టివ్ నవల కూడా వ్రాశారు. ఇవన్నీ మాకు తరువాత తెలిసిన సంగతులు.

1996 వేసవిలో ఇంటికి సున్నం వేయించవలసి వచ్చినది. రెండు గదుల ఫ్లాటు. సామానంతా హాలులోకి చేర్చాము. అమ్మ ఆ పదిహేను రోజులూ హైదరాబాదులో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నది. పెట్టెలు తెరిచి చూస్తే అట్టలు ఊడిన నవలలు, పురుగు తొలిచిన పాత చందమామలు, వారపత్రికల నుంచి చింపి దారంతో కుట్టిన ధారావాహికలు. ధూళికి తుమ్ములు వచ్చాయి. క్రిందనుంచి కబాడీవాలా కేక వినిపించినది. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఎవరు ముందు తల ఊపారో ఇప్పటికీ తేల్చుకోలేదు. తూకం వేయించి అమ్మివేశాము. పెట్టెలు తుడిచి, రజాయిలు సర్ది, మంచి పని చేశామనుకున్నాము.

అమ్మ తిరిగివచ్చి, పెట్టె తెరిచింది. కొంతసేపు రజాయిల కేసి చూసింది. కోపగించలేదు, ఏడవలేదు. 'ఎంత వచ్చిందర్రా?' అని అడిగింది.

'నలభై ఏడు రూపాయలమ్మా' అన్నాము.

'ఊఁ' అని వంటింట్లోకి వెళ్లి పప్పులో రాళ్లు ఏరసాగింది. ఆ విషయం మరి ఎన్నడూ ఎత్తలేదు. ఆ నలభై ఏడు రూపాయలతో ఏమి కొన్నామో మాకు జ్ఞాపకం లేదు.

అయితే ఒక్క పుస్తకం మిగిలినది. హైదరాబాదు ప్రయాణంలో చదువుకోవడానికి తన సంచీలో పెట్టుకున్నది. దానికి అట్ట లేదు. పేరు లేదు, రచయిత పేరూ లేదు. మొదటి పేజీ తొమ్మిదవ నంబరుతో మొదలవుతుంది. నూట నలభై నాలుగవ పేజీతో ఆగిపోతుంది. మూసిన గదిలో ఒక జమీందారు మరణం, ఆగిపోయిన గోడగడియారం, ఏడుగురు అనుమానితులు. నూట నలభై నాలుగవ పేజీలో డిటెక్టివు అందరినీ హాలులోకి పిలిచి కుర్చీలో కూర్చుంటాడు. అంతే.

ఆ రోజులలోనే అమ్మ చూపు మందగించసాగినది. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ. తెలుగు మాట్లాడేవాడే గాని ఒక్క అక్షరం చదవలేడు. వేసవి సెలవులలో రోజుకు గంటసేపు వాచకం ముందు కూర్చోబెట్టేవాళ్లము. 'అమ్మ, ఆవు' దాటేలోగా పారిపోయేవాడు.

అమ్మ వాడికి పాఠం చెబుతానని అనలేదు. 'ఒరేయ్ నాన్నా, నాకు కళ్లు కనబడటంలేదు. జమీందారును ఎవరు చంపారో తెలియకుండా చచ్చిపోయేటట్టున్నాను. కాస్త చదివిపెట్టరా' అన్నది. వాడికి కథ కావాలి. చదవడం రాదు. ఒక్కొక్క అక్షరం చూపించి ఇదేమిటి బామ్మా అని అడుగుతూ, మొదటి పేజీకి పది రోజులు పట్టించాడు. రెండవ పేజీకి నాలుగు రోజులు. దసరా నాటికి వత్తులూ గుణింతాలూ వాడికి వేరే నేర్పవలసిన పని లేకపోయినది.

ఇది మన దేశంలో కొత్త సంగతి కాదు. దేవకీ నందన్ ఖత్రి 1888లో వెలువరించిన 'చంద్రకాంత' చదవడం కోసమే అనేకులు నాగరి లిపి నేర్చుకున్నారని హిందీవారు చెప్పుకుంటారు. సరిగ్గా మేము చెబుతున్న రోజులలోనే దూరదర్శన్‌లో ఆ చంద్రకాంత ధారావాహికంగా వచ్చేది. ఆదివారం వస్తే కాలనీ అంతా టి.వి.ల ముందే. మన మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' మాత్రం ఏమిటి? మణిసిద్ధుని వెంట కాశీకి నడవడానికి గొల్లపిల్లవాడు పెట్టిన షరతు కథే గదా! మజిలీకొక కథ చెబితేనే అడుగు ముందుకు వేస్తానన్నాడు. పిల్లలను కాశీదాకా నడిపించిన ఘనత కథకే దక్కుతుంది.

గురువారాలలో బామ్మా మనుమడూ సుల్తాన్ ఘారీకి వెళ్లేవారు. చందమామలో వచ్చిన 'శిథిలాలయం' ధారావాహిక ఆమెకు కంఠస్థం. అందులో చిత్రాగారు గీసిన బొమ్మలు కూడా జ్ఞాపకమే. ఆ రాతి ప్రాకారాన్ని చూపించి, చీకటి మెట్ల మీద వాడి చేయి పట్టుకొని, కథ చెప్పేది. తోకచుక్క, కంచుకోట, పాతాళదుర్గం - ఇవన్నీ చెప్పినది. ఈ ధారావాహికలు వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు ఆనాటి చందమామలో ఎక్కడా అచ్చు కాలేదు. దశాబ్దాల పాటు తెలుగుదేశంలోని పిల్లలందరూ ఆయన కథలు చదివారు. వ్రాసినదెవరో చాలామందికి తెలియదు. ఆయన 2010లో కన్నుమూశారు. ఆ ధారావాహికలు కొన్ని పుస్తకరూపంలో వచ్చిన తరువాత మేము తెప్పించుకొని చదివాము. అచ్చులో కథ ఉన్నది. చీకటి మెట్ల మీద అమ్మ కంఠం లేదు.

నూట నలభై నాలుగవ పేజీ వచ్చిన రోజు మా అబ్బాయి పుస్తకం విసిరికొట్టాడు. 'బామ్మా, చివర లేదు!' అని ఏడ్చినంత పని చేశాడు.

'నేను చదివానుగా ఇదివరకు, చెబుతాను. వంటవాడు చంపాడు' అన్నది అమ్మ.

వాడు ఆలోచించి, 'వంటవాడు ఆ రోజు ఊళ్లో లేడు కదా, ముప్పైరెండో పేజీలో ఉంది' అన్నాడు. 'ఓహో, మరిచిపోయాను, తమ్ముడు చంపాడు' అన్నది. మళ్లీ వాడు పేజీలు తిరగేసేవాడు. తమ్ముడికి ఎడమచేయి పనిచేయదని తేల్చేవాడు. ఈ విధంగా ఆ ఏడుగురూ ఒక్కొక్కరే హంతకులై, ఒక్కొక్కరే విడుదలయ్యారు. రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు వ్రాశాడు. డిటెక్టివుకు దొరికిన ఆధారమేదీ పాఠకునికి దాచరాదనేది వాటిలో ఒకటి. ఆ నియమాలు ఎన్నడూ వినని మా ఇంట్లో అవి అక్షరాలా అమలయ్యాయి. ఆధారం చూపనిదే ఎవరినీ ఉరి తీయడానికి వీలులేదు. మా అబ్బాయి నేడు న్యాయవాదవృత్తిలో ఉన్నాడు. దానికి కారణం ఇదేనని అనడం అతిశయోక్తి కావచ్చును. కాదని అనడానికి మాత్రం మాకు మనసొప్పదు.

మా పొరుగున ఒక బెంగాలీ దంపతులు ఉండేవారు. వారి హాలులో అద్దాల బీరువాలో రవీంద్రుని గ్రంథాల ప్రక్కనే శరదిందు బంద్యోపాధ్యాయ వ్రాసిన వ్యోమకేశ్ కథలు, సత్యజిత్ రాయ్ వ్రాసిన ఫెలూదా కథలు వరుసగా కనిపించేవి. వ్యోమకేశ్ 1932లో, ఫెలూదా 1965లో పుట్టారని, వారిరువురూ తమ కుటుంబ సభ్యులేనని పెద్దాయన చెప్పేవారు. ఒకనాడు ఆయన అమ్మను, 'మాసీమా, మీ భాషలో డిటెక్టివు లేడా?' అని ఆదరంగా అడిగారు. వచ్చీరాని హిందీలో అమ్మ, 'ఉన్నాడు బాబూ, యుగంధర్. మా ఇంట్లోనే ఉండేవాడు, ఇప్పుడు లేడు' అన్నది. మావైపు చూడలేదు. చూసి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో. ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం సహించలేదు. ప్రక్క ఇంట్లో అద్దాల బీరువాకెక్కిన సాహిత్యాన్ని మన ఇంట్లో త్రాసుకెక్కించామని అప్పటికిగాని బోధపడలేదు.

ఆ తరువాత హైదరాబాదు వెళ్లినప్పుడల్లా కోఠీ, ఆబిడ్స్ ప్రాంతాల పాతపుస్తకాల దుకాణాలలో వెదికాము. కొన్ని కొమ్మూరి నవలలు దొరికాయి. తెచ్చి ఇస్తే అమ్మ సంతోషించింది. ఒక్కొక్కటి చేత్తో తడిమి, వాసన చూసి, 'ఇవి వేరేవాళ్లవి' అని నవ్వింది. అయినా చదివించుకున్నది.

2004 చలికాలంలో ఆమె ఆసుపత్రిలో చేరింది. అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి రాత్రుళ్లు ప్రక్కనే ఉండేవాడు. వాడు ఆ అట్టలేని పుస్తకం తీసుకువెళ్లి చదివి వినిపించేవాడు. చివరి పేజీ వచ్చిన రాత్రి, 'ఇప్పుడైనా నిజం చెప్పు బామ్మా, ఎవరు చంపారు?' అన్నాడు.

'నాకూ తెలియదురా. అద్దెకు తెచ్చినప్పుడే ఆ పేజీలు లేవు. దుకాణం కట్టేస్తుంటే వాడు ఊరికే ఇచ్చేశాడు. నలభై ఏళ్లయింది, నేనూ ఆలోచిస్తూనే ఉన్నాను' అన్నది.

వాడికి ఆ సంగతి పదేళ్లప్పుడే తెలిసిపోయిందట. చెబితే ఆట ఆగిపోతుందని ఊరుకున్నాడట. ఇది వాడు మాకు చెప్పినది ఆమె పోయిన తరువాత.

ఇప్పుడు పాఠకమిత్రులకు అర్థమై ఉంటుంది, ఈ వయసులో మేము హత్యలూ మాయలూ ఎందుకు చదువుతున్నామో. అమ్మ మధ్యాహ్నపు వేళల్లో బియ్యపు డబ్బా ప్రక్కన కూర్చుని ఏమి పొందేదో తెలుసుకోవాలని మొదలుపెట్టాము. కొంత తెలిసినది. ఆమె జీవితంలో ఏ ప్రశ్నకూ ఎవరూ ఆమెకు సమాధానం చెప్పవలసిన అవసరం లేకపోయినది. పెళ్లి ఎవరితో అన్నది ఆమెను అడగలేదు. ఊరు మారడం గురించి అడగలేదు. పుస్తకాలు అమ్మేటప్పుడు మేమూ అడగలేదు. డిటెక్టివ్ నవలలో మాత్రం ప్రతి ప్రశ్నకూ ఎవరో ఒకరు నిలబడి జవాబు చెప్పి తీరాలి. ఎంత గొప్పవాడైనా ఆ రాత్రి ఎక్కడ ఉన్నాడో చెప్పాలి. ఆ న్యాయం పది పైసలకు ఒక రోజు అద్దెకు దొరికేది.

డిటెక్టివ్ నవలలన్నీ ఉత్తమ సాహిత్యమని మేము వాదించబోము. మేము చదివినవాటిలో పసలేనివి చాలా ఉన్నాయి. 1980 దశకంలో వచ్చిన క్షుద్ర నవలలు మూఢనమ్మకాలను పెంచాయన్న విమర్శలోనూ నిజం ఉన్నది. అయితే ఏది చెత్త, ఏది కాదు అనే తీర్పు చదివినవాళ్లు చెప్పవలసినది. త్రాసు చెప్పేది బరువు మాత్రమే.

మొన్న వేసవి సెలవులకు మా మనుమరాలు వచ్చినది. దానికీ తొమ్మిదేళ్లే. అది పుట్టినది, పెరిగినది బెంగుళూరులో. కన్నడం చదువుతుంది, లిపిలో పోలిక ఉండటంచేత తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది. వాళ్ల నాన్న ఆ పుస్తకాన్ని దాని చేతిలో పెట్టి, 'చివరి పేజీలు లేవు, ముందే చెబుతున్నాను' అన్నాడు. నెల రోజులు చదివినది. నూట నలభై నాలుగవ పేజీ ముగించి, గడియారానికి తాళం చెవి ఇచ్చే ముసలి గుమాస్తా పేరు చెప్పినది. అతడు ఆ ఏడుగురిలో లేడు. ఇన్నేళ్లలో బామ్మ గాని, మనుమడు గాని, మేము గాని అతనిని అనుమానించలేదు. 'కాదులే' అనబోయి, దాని మాట ప్రకారం పదకొండవ పేజీ తీసి చూశాము. అక్కడ ఒక వాక్యంలో ఆ గుమాస్తా గదిలోనుంచి బయటకు వచ్చినట్లు ఉన్నది. లోపలికి వెళ్లినట్లు ఎక్కడా లేదు.

ఆ రాత్రి నలుగురమూ పుస్తకం చుట్టూ కూర్చుని చాలాసేపు వాదించుకున్నాము. కేసు ఇంకా తేలలేదు.

సహోద్యోగ మిత్రులకు ఒక విన్నపం. బదిలీలు మన ఉద్యోగాలలో తప్పనివి. ఇల్లు మారినప్పుడల్లా సామాను తగ్గించుకోవడమూ తప్పదు. పాత పుస్తకాల పెట్టె కబాడీవాలాకు అప్పగించే ముందు, అది ఎవరిదో వారు ఇంట్లోనే ఉంటే, ఒక్కసారి వారిని అడగండి. వారు 'ఇచ్చేయండి' అని అన్నా, అందులో ఒకటి తీసి, పది పేజీలు వారికి చదివి వినిపించండి. ఆ తరువాత తూకం సంగతి ఆలోచించవచ్చును.